తోకకు అమర్చిన చెవి: తొలి జెట్ ఫైటర్లలో రాడార్ హెచ్చరిక

కొరియా యుద్ధంలో, 1950 నవంబరు 1న, చైనా సరిహద్దులోని యాలూ నది మీదుగా వచ్చిన సోవియట్ తయారీ జెట్ ఫైటర్లు మిగ్-15లను అమెరికన్ పైలట్లు మొదటిసారి ఎదుర్కొన్నారు. వాటికి జవాబుగా హడావుడిగా తెప్పించిన అమెరికన్ జెట్ ఫైటర్లు ఎఫ్-86 సేబర్లలో ఒకటి డిసెంబరు 17న ఒక మిగ్‌ను కూల్చింది. అక్కడి నుంచి 1953 జూలైలో కాల్పుల విరమణ దాకా సాగిన ఆ పోరు గురించి రాసినవాళ్లు ఎక్కువగా వేగం గురించి, ఎక్కగల ఎత్తు గురించి, తుపాకుల గురించి రాశారు. మిగ్‌కు ఒక 37 మి.మీ. ఫిరంగి, రెండు 23 మి.మీ. ఫిరంగులు, సేబర్‌కు ఆరు అర అంగుళం మెషీన్‌గన్లు. మిగ్ నిట్టనిలువుగా ఎక్కడంలో మేటి, సేబర్ కిందికి దూకడంలో మేటి. ఇవన్నీ నిజమే. అయితే చాలా పోరాటాలు తేలింది వీటితో కాదు. వెనక ఒక విమానం చేరిందన్న సంగతి ముందున్న పైలట్‌కు సమయానికి తెలిసిందా లేదా అన్నదే అసలు ప్రశ్న. తుపాకులతో పోరాడిన పైలట్లు ఏ దేశం వాళ్లయినా ఒకే మాట చెబుతారు: కూలిపోయినవాళ్లలో ఎక్కువమంది తమను కొట్టినవాణ్ని చూడనే లేదు.

జెట్ ఇంజన్ వచ్చాక ఈ చిక్కు మరీ ముదిరింది. వెనక నుంచి వచ్చే విమానం ముందున్నదానికన్నా సెకనుకు వంద మీటర్లు ఎక్కువ వేగంతో వస్తోందనుకుందాం. రెండు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో సన్నని చుక్కలా ఉన్నది, ఇరవై సెకన్లలో కాల్చగలిగేంత దగ్గరికి వచ్చేస్తుంది. ఆ ఇరవై సెకన్లలో పైలట్ ఒకసారి ఇంధనం ముల్లు చూసి, ఒకసారి పక్క విమానం ఎక్కడుందో చూసుకుంటే చాలు, సగం సమయం గడిచిపోతుంది. సేబర్ పైలట్ పెద్ద గాజు బుడగ కింద ఎత్తుగా కూర్చుంటాడు. మిగ్-15 పైలట్‌కు తల వెనక కవచపు పలక, కప్పు చట్రాలు, వాటి వెనక ఎత్తుగా లేచిన తోక. తల తిప్పినా సరిగ్గా తోక వెనక ఏముందో కనబడదు.

ఈ లోటు తీర్చడానికి సోవియట్ పక్షం తెచ్చిన చిన్న పరికరం పేరు ‘సిరేనా’. జెట్ ఫైటర్లలో వాడిన తొలి రాడార్ హెచ్చరిక రిసీవర్లలో అది ఒకటి. దాని విజయం దాని తెలివితేటల వల్ల రాలేదు. అది పనిచేసిన ఆకాశంలో, దానికి వినబడే తరహా రాడార్ దాదాపుగా ఒక్క పక్షం దగ్గరే ఉండడం వల్ల వచ్చింది. ఆ పరిస్థితి మారగానే అదే పరికరం కొన్ని చోట్ల వాగుడుకాయ, కొన్ని చోట్ల మూగ అయింది. ఆ తర్వాత పాతికేళ్లలో ఈ రంగంలో జరిగిన పని చాలావరకు ఆ రెండు జబ్బులకు చేసిన వైద్యమే.

ముందుగా సేబర్ ముక్కులో ఉన్న రాడార్ ఏం చేసేదో చూడాలి. ఎగురుతున్న విమానాన్ని తుపాకీతో కొట్టాలంటే అది ఉన్న చోటుకు కాదు, గుండు చేరే సమయానికి అది ఉండబోయే చోటుకు గురిపెట్టాలి. ఎంత ముందుకు గురిపెట్టాలో లెక్క తేలాలంటే దూరం తెలియాలి. మిగ్-15లో ఉన్న ఏఎస్‌పీ-3 గన్‌సైట్‌లో, అంటే గురిచూసే పరికరంలో, ఆ దూరాన్ని పైలట్టే చేత్తో ఇవ్వాలి. శత్రు విమానం రెక్కల పొడవు ముందుగా అమర్చుకుని, గాజు మీద వెలిగే వజ్రపు గుర్తుల వలయం సరిగ్గా ఆ రెక్కల చివరలను తాకేలా థ్రాటిల్ పిడిని మెలితిప్పుతూ ఉండాలి. విమానం ఒరిగి మెలికలు తిరుగుతూ, పైలట్ శరీరం బరువు నాలుగైదు రెట్లు పెరిగిన స్థితిలో ఈ పని చేయాలి. సేబర్లలో వచ్చిన ఏపీజీ-30 రాడార్ ఈ శ్రమ తప్పించింది. ముందు ఉన్న లక్ష్యం మీద దానంతటదే పట్టు సాధించి, దూరాన్ని నేరుగా గన్‌సైట్‌కు అందించేది. పైలట్ చేయాల్సింది గన్‌సైట్ చుక్కను లక్ష్యం మీద నిలపడమే. భూమికి దగ్గరగా ఎగిరేటప్పుడు నేల నుంచి వచ్చే ప్రతిధ్వనులు దీన్ని తికమకపెట్టేవి కానీ, మిగ్‌లతో పోరు ఎక్కువగా జరిగిన ఎత్తుల్లో ఆ ఇబ్బంది లేదు.

ఈ రాడార్ యాంటెన్నా అటూ ఇటూ తిరగదు. గాలి లోపలికి పోయే నోటి పై పెదవిలో, నేరుగా ముందుకు చూస్తూ బిగించి ఉంటుంది. అంటే తుపాకులు ఎటు చూస్తే రాడార్ కిరణం అటే. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే సిరేనా కథ సగం అర్థమైనట్టే.

సోవియట్ ఇంజనీర్లకు ఈ పరికరాన్ని విప్పి చూసే అవకాశం దొరికింది. 1951 అక్టోబరు 6న సోవియట్ పైలట్ యెవ్‌గేనీ పెపెల్యాయెవ్ దెబ్బతీసిన ఒక సేబర్, కొరియా పశ్చిమ తీరంలో ఆటుపోట్ల మధ్య బయటపడే బురద మైదానం మీద కడుపు ఆనించి దిగింది. పైలట్‌ను అమెరికన్ ఉభయచర విమానం తీసుకుపోయింది. విమానాన్ని తీసుకుపోవడం వాళ్లకు సాధ్యం కాలేదు. దాన్ని ధ్వంసం చేసేలోపే పోటు నీళ్లు వచ్చి కప్పేశాయి. నీళ్లు తీశాక, అవతలి పక్షం రాత్రివేళ మనుషులను పెట్టి దాన్ని బురదలోంచి లాగి, రెక్కలు విడదీసి, లారీల మీద తరలించింది. కొన్ని వారాల తర్వాత అది మాస్కో చేరింది. గన్‌సైట్, దానికి దూరం అందించే రాడార్ రెండూ ప్రయోగశాల బల్లల మీదికి వచ్చాయి. రాడార్ మూడు సెంటీమీటర్ల తరంగాలతో పనిచేస్తుందని, కిరణం ఎటు పోతుందని, తన ఉనికిని ఎలా బయటపెట్టుకుంటుందని చేతికందిన వస్తువులోనే తెలుసుకోవచ్చు.

తన ఉనికిని బయటపెట్టుకోవడం అన్నది ఇక్కడ ముఖ్యం. రాడార్ పంపిన శక్తి లక్ష్యానికి చేరేలోపు దూరం వర్గానికి తగ్గట్టు పలచబడుతుంది. తాకి వెనక్కి వచ్చేటప్పుడు మళ్లీ అంతే పలచబడుతుంది. అందువల్ల రాడార్‌కు తిరిగి వచ్చే ప్రతిధ్వని దూరం నాలుగో ఘాతానికి తగ్గట్టు బలహీనమవుతుంది. దూరం రెండింతలైతే లక్ష్యం దగ్గర అందే శక్తి నాలుగో వంతు అవుతుంది. రాడార్‌కు తిరిగొచ్చేది పదహారో వంతు. దూరం పదింతలైతే మొదటిది వందో వంతు, రెండోది పదివేలో వంతు. గన్‌సైట్ రాడార్ లాంటి చిన్న పరికరం విషయంలో, రెండు కిలోమీటర్ల దూరంలో లక్ష్యం తోక మీద పడే సంకేతం, రాడార్ చేతికి తిరిగి వచ్చే ప్రతిధ్వని కన్నా లక్షల రెట్లు బలంగా ఉంటుంది. రాత్రి పొలంలో టార్చిలైటు వేసినవాడికి గట్టు మీది మనిషి కనబడకముందే, గట్టు మీది మనిషికి టార్చిలైటు కనబడుతుంది. రాడార్ విషయంలోనూ అంతే. ఈ తేడా ఎంత పెద్దదంటే, రాడార్ రిసీవర్‌తో పోలిస్తే చాలా నాసిరకపు రిసీవర్ కూడా ముందుగానే పసిగట్టగలదు.

సరిగ్గా ఈ నాసిరకపు రిసీవర్‌నే వదీమ్ మత్స్కేవిచ్ అనే యువ సోవియట్ సైనిక ఇంజనీరు తయారుచేశాడు. సిరేనాలో రాడార్ లేదు, ప్రసారం లేదు, తెర లేదు. వెనక్కి చూసే ఒక చిన్న యాంటెన్నా, దాని వెనక ఒక స్ఫటిక డయోడ్, ఆ తర్వాత ఒక యాంప్లిఫయర్, చివర పైలట్ హెడ్‌ఫోన్లు. రాడార్ పంపేది ఎడతెగని తరంగం కాదు, సెకనుకు కొన్ని వందలో వేలో విడివిడి పల్సులు. ఒక్కో పల్స్ తాకినప్పుడల్లా డయోడ్ ఒక చిన్న విద్యుత్ కుదుపు ఇస్తుంది. ఆ కుదుపులు మనిషి చెవికి వినబడే పౌనఃపున్యంలోనే వస్తాయి కాబట్టి వాటిని పెంచి హెడ్‌ఫోన్లకు పంపితే చాలు, సన్నని కూతలా వినిపిస్తుంది. సేబర్ దగ్గరయ్యేకొద్దీ కూత గట్టిపడుతుంది. దాన్ని సంకేతంగా మార్చే యంత్రమేదీ మధ్యలో లేదు.

ఇంత తేలిక మార్గం ముందుగా ఎవరికీ తట్టలేదా అంటే, తట్టింది. 1942లోనే జర్మన్ జలాంతర్గాములు మెటోక్స్ అనే రిసీవర్‌తో బ్రిటిష్ విమానాల రాడార్‌ను వినేవి. బ్రిటన్ పది సెంటీమీటర్ల తరంగాలకు మారగానే మెటోక్స్ చెవిటిదైపోయింది. విమానాల తోకల విషయంలో మాత్రం ఆనాటి వాయుసేనలు వేరే దారి పట్టాయి: వెనక్కి చూసే రాడార్‌నే తోకలో పెట్టడం. అమెరికన్ పి-47, పి-51 ఫైటర్లలో ఏపీఎస్-13 అనే తోక రాడార్ ఉండేది. వెనక కొన్ని వందల మీటర్లలోపు ఏదైనా వస్తే ఎర్ర దీపం వెలిగి గంట మోగేది. (దీని సర్క్యూట్‌నే మార్చి, హిరోషిమా, నాగసాకిల మీద వేసిన బాంబులు ఎంత ఎత్తులో పేలాలో కొలిచే పరికరంగా వాడారు. రక్షణ కోసం చేసిన వస్తువుకు అంత ఘోరమైన రెండో జన్మ పట్టడం తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది.)

తోక రాడార్ ఎంత ప్రమాదకరమో తెలియాలంటే బ్రిటిష్ బాంబర్లలోని ‘మోనికా’ సంగతి చూడాలి. 1943 నుంచి లాంకాస్టర్, హాలిఫాక్స్ విమానాల తోకల్లో మోనికా ఉండేది. జర్మన్ రాత్రి ఫైటర్లు వెనక చేరితే పట్టుకోవడం దాని పని. వందల బాంబర్లు ఒకే ప్రవాహంగా వెళ్లేటప్పుడు వెనక వచ్చే సాటి బాంబరుకు కూడా అది మోగేది కాబట్టి సిబ్బందికి దాని మీద పెద్ద నమ్మకం ఉండేది కాదు. అంతకన్నా పెద్ద విషయం వాళ్లకు తెలియలేదు. మోనికా పంపే తరంగాలను పట్టుకుని వాటి వెంటే వచ్చేలా జర్మన్లు ‘ఫ్లెన్స్‌బుర్గ్’ అనే రిసీవర్ తయారుచేసుకున్నారు. కాపాడాల్సిన పరికరమే పదుల కిలోమీటర్ల దూరం నుంచి శత్రువును పిలుస్తోంది. 1944 జూలై 13న ఒక జర్మన్ యుంకర్స్ యు-88 రాత్రి ఫైటర్ సిబ్బంది దిక్సూచిని తలకిందులుగా అనుసరించి, సొంత స్థావరమనుకుని ఇంగ్లండ్‌లోని వుడ్‌బ్రిడ్జ్‌లో దిగారు. ఆ విమానంలో ఫ్లెన్స్‌బుర్గ్ దొరికింది. బ్రిటిష్ వాయుసేన దాన్ని తమ బాంబర్ల మీదే పరీక్షించి చూసి, మోనికాను తీసేయించింది. ఆ నిర్ణయానికి ముందు ఎంతమంది సిబ్బంది ఆ పిలుపు వల్ల చనిపోయి ఉంటారో లెక్కగట్టే వీలు లేదు.

ఏమీ ప్రసారం చేయకుండా వినడానికే పరిమితమైన సిరేనాకు ఈ ప్రమాదం లేదు. జెట్‌లో బరువుకు, చోటుకు, విద్యుత్తుకు ఉండే కటకట దృష్ట్యా కూడా వినే పద్ధతే నయం. 1952లో ప్రయోగాత్మక సెట్లను కొరియాకు పంపి అక్కడి మిగ్‌లలో బిగించారు. వెనక సేబర్ చేరినప్పుడు హెడ్‌ఫోన్లు కూయడం, పైలట్ వెంటనే పక్కకు మలుపు తీసుకోవడం జరిగాయి. తర్వాత దాన్ని పెద్ద సంఖ్యలో తయారుచేయించారు.

ఇక్కడ ఆగి ఆలోచించాల్సింది ఒకటుంది. సిరేనా తనకు వినబడిన రాడార్ ఏదో చెప్పలేదు. ఎవరిదో చెప్పలేదు. ఎంత దూరంలో ఉందో చెప్పలేదు. ‘వెనక వైపు నుంచి మూడు సెంటీమీటర్ల పల్సులు వస్తున్నాయి’ అన్న ఒక్క ముక్కే చెప్పగలదు. మరి అదెలా సరిపోయింది? అప్పటి మిగ్-15లో రాడార్ లేదు. కాబట్టి వెనక ఉన్న సాటి మిగ్ వల్ల కూత రాదు. బి-29 బాంబర్లలోని బాంబింగ్ రాడార్ కూడా మూడు సెంటీమీటర్లదే. కానీ 1951 అక్టోబరు 23న నామ్సీ విమానాశ్రయం మీద దాడిలో తగిలిన దెబ్బతో బి-29లు ఆ ప్రాంతానికి పగలు రావడం మానేశాయి. సిరేనా వచ్చేసరికి పగటి ఆకాశంలో మిగిలింది ప్రధానంగా సేబర్ల రాడార్. పైగా ఆ రాడార్ తుపాకులు చూసే వైపే చూస్తుంది. అందువల్ల తోకలో కూత వినబడిందంటే ‘ఒక సేబర్ తన తుపాకులను దాదాపుగా నీ వైపే తిప్పి ఉంది’ అని అర్థం. దిక్కు, జాతి, ఉద్దేశం మూడూ ఒక్క కూతలో ఇమిడిపోయాయి. పరికరం చేయాల్సిన ఆలోచనను పరిస్థితే చేసిపెట్టింది.

సిరేనాను మెచ్చుకునే రచనలు చాలావరకు ఈ సంగతి వదిలేస్తాయి. తక్కువ ఖర్చుతో చేసిన తెలివైన పరికరం, బరువైన సెట్ల మీద గెలిచింది అని చెప్పి ఊరుకుంటాయి. అది అబద్ధం కాదు. అయితే అదే పరికరాన్ని పదేళ్ల తర్వాతి ఆకాశంలో పెడితే అలా గెలిచేది కాదు. ఎందుకు గెలవదో చెప్పకపోతే సగం కథ చెప్పినట్టే.

వింతేమిటంటే, ఆ అనుకూల పరిస్థితిని చెడగొట్టడం మొదలుపెట్టింది కూడా బురదలో దొరికిన ఆ సేబరే. దాని గన్‌సైట్‌ను, రాడార్‌ను ఆధారం చేసుకుని సోవియట్ సంస్థలు తమ సొంత దూరమాపక రాడార్లు తయారుచేశాయి. ఎస్‌ఆర్‌డీ-1 ‘రదాల్’, ఎస్‌ఆర్‌డీ-3 ‘గ్రాద్’ పేర్లతో అవి మిగ్-17లలో, మిగ్-19లలో చేరాయి. రాత్రిపూట, చెడు వాతావరణంలో పనిచేసే మిగ్-17 రకాలకు ‘ఇజుమ్రూద్’ అనే వెతుకులాట రాడార్ వచ్చింది. ఇవే విమానాల తోకల్లో సిరేనా-2 ఉంది. ఇక వెనక వస్తున్న సొంత జట్టువాడి రాడార్‌కు కూడా హెడ్‌ఫోన్లు కూస్తాయి. పదిసార్లు మిత్రుడికి కూసిన పరికరం పదకొండోసారి శత్రువుకు కూసినప్పుడు పైలట్ తల తిప్పి చూస్తాడా? మోనికా సిబ్బందికి ఎదురైన అనుభవమే ఇది. హెచ్చరిక పరికరానికి అసలు శత్రువు దాన్ని తప్పించుకునే రాడార్ కాదు, దాని మీద నమ్మకం పోగొట్టే రాడార్.

వెతుకులాట రాడార్లు వచ్చాక కూత స్వభావం కూడా మారింది. అటూ ఇటూ తిరిగే కిరణం తాకినప్పుడు మాత్రం ఒక చిన్న కూత, మళ్లీ నిశ్శబ్దం, మళ్లీ కూత. ఆ కిరణం ఒకచోట నిలిచి ఒక లక్ష్యాన్నే వెంబడించడం మొదలుపెడితే కూత ఎడతెగకుండా సాగుతుంది. అనుభవం ఉన్న పైలట్‌కు ఈ తేడా విలువైన సమాచారం. ‘నన్ను వెతుకుతున్నారు’ అన్నదానికీ ‘నా మీద పట్టు దొరికింది’ అన్నదానికీ మధ్య ప్రాణం ఉంటుంది. అయితే ఆ తేడా పట్టుకున్నది చెవి, సెట్ కాదు.

సేబర్ వైపు నుంచి చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. శత్రువుకు వినబడుతోందని తెలిసిన పైలట్‌కు రెండే దారులు. రాడార్‌ను ఆన్‌లో ఉంచితే గురి బాగుంటుంది, ఉనికి బయటపడుతుంది. ఆపేస్తే ఉనికి దాగుతుంది కానీ దూరం మళ్లీ కళ్లతో అంచనా వేసుకోవాలి, అంటే రాడార్ వల్ల వచ్చిన మేలంతా పోతుంది. హెచ్చరిక రిసీవర్ ఒక్కసారి కూడా మోగకపోయినా ఈ పని చేసిపెడుతుంది. అది ఉందన్న అనుమానమే అవతలివాణ్ని తన మంచి ఆయుధాన్ని తగ్గించి వాడుకునేలా చేస్తుంది. యుద్ధ ఎలక్ట్రానిక్స్‌లో పరికరాల విలువను కూల్చిన విమానాల లెక్కతో కొలవడం ఎందుకు సరికాదో ఇది చూపిస్తుంది.

మిత్రుడికి కూడా కూసే వాగుడు ఒక జబ్బు. రెండో జబ్బు, మూగతనం, 1958 సెప్టెంబరు 24న తైవాన్ జలసంధి మీద బయటపడింది. ఆ రోజు తైవాన్ సేబర్లు చైనా మిగ్-17ల మీద ఏఐఎమ్-9బి సైడ్‌వైండర్ క్షిపణులను వాడాయి. గాలి-గాలి క్షిపణులు యుద్ధంలో విజయవంతంగా పనిచేయడం అదే మొదటిసారి. సేబర్లకు అందని ఎత్తులో ఉన్నామన్న ధీమాతో ఎగురుతున్న మిగ్‌ల ఇంజన్ వేడిని పట్టుకుని ఆ క్షిపణులు పైకి వెళ్లాయి. సైడ్‌వైండర్ ఏ తరంగాన్నీ ప్రసారం చేయదు. వేడిని చూస్తుంది, అంతే. తానే వింటూ ఉండే ఆయుధాన్ని, వినే పరికరం ఎలా పట్టుకోగలదు? రాడార్ హెచ్చరిక ఎంత మెరుగుపడినా ఈ దారి గుండా వచ్చే దెబ్బను ఆపలేదన్నది ఆ రోజు నుంచి స్థిరపడిన సత్యం. దానికి క్షిపణిని దారి మళ్లించే మంటల పొట్లాలు, క్షిపణి పొగను పసిగట్టే కళ్లు లాంటి వేరే మందులు తర్వాత వచ్చాయి.

సోవియట్ వైపు మెరుగుదల నిదానంగా సాగింది. సిరేనా-3ఎం అని కూడా పిలిచే ఎస్‌పీవో-10లో విమానం చుట్టూ నాలుగు వైపులా యాంటెన్నాలు, కాక్‌పిట్‌లో నాలుగు దీపాలు. ముందు కుడి, ముందు ఎడమ, వెనక కుడి, వెనక ఎడమ. సంకేతం వచ్చిన వైపు దీపం వెలుగుతుంది, చెవిలో కూత వస్తుంది. తన సొంత రాడార్ పల్స్ పోయే క్షణంలో రిసీవర్ చెవులు మూసుకునే ఏర్పాటు కూడా అవసరమైంది. లేకపోతే తన గొంతే తనకు వినబడుతుంది. మిగ్-21, మిగ్-23, సుఖోయ్-22 లాంటి విమానాల్లో చాలాకాలం ఇదే ఉంది. ‘ఎటు నుంచి’ అన్న ప్రశ్నకు పావు వంతు జవాబు దొరికింది. ‘ఎవరు’ అన్న ప్రశ్నకు జవాబు లేదు.

మిగ్-21 పేరు రాగానే ఈ కథకు తెలుగు నేలతో ఉన్న అసలు సంబంధం కూడా చెప్పుకోవాలి. ఆ విమానాలకు కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాలు దేశంలోనే తయారుచేయడానికి హిందుస్థాన్ ఏరోనాటిక్స్ 1965లో హైదరాబాద్‌లో ఒక విభాగం పెట్టింది. అంతకు ముందే, 1960ల మొదట్లో, డీఎల్‌ఆర్‌ఎల్ అని పిలిచే రక్షణ ఎలక్ట్రానిక్స్ పరిశోధన ప్రయోగశాల అదే నగరంలో ఏర్పడింది. శత్రు రాడార్లను వినడం, వాటిని తికమకపెట్టడం ఇప్పుడు దాని ప్రధాన పని. 1986లో భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా యుద్ధ ఎలక్ట్రానిక్స్ కోసమే హైదరాబాద్‌లో యూనిట్ ప్రారంభించింది. బాలానగర్, చాంద్రాయణగుట్ట వైపు పెరిగినవాళ్లలో చాలామందికి ఆ గోడల పేర్లు తెలుసు. లోపల జరిగే పని ఏ కోవకు చెందినదో తెలిసినవాళ్లు తక్కువ.

అమెరికన్ వైపు మార్పు తొందరగా వచ్చింది. కారణం భయం. 1965 జూలై 24న ఉత్తర వియత్నాం మీద ఒక ఎఫ్-4సి ఫాంటమ్‌ను సోవియట్ తయారీ ఎస్-75 క్షిపణి కూల్చింది. పశ్చిమ దేశాలు ఎస్‌ఏ-2 అని పిలిచే ఈ క్షిపణిని నేల మీది రాడార్ ఒకటి నడిపిస్తుంది. ఆ రాడార్ పది సెంటీమీటర్ల తరంగాలతో లక్ష్యాన్ని, క్షిపణిని రెండింటినీ కనిపెడుతూ, విడిగా ఇంకో ప్రసారంతో క్షిపణికి మలుపులు చెబుతుంది. ఫైటర్ పైలట్లకు ఆ రోజు దాకా దీన్ని పసిగట్టే మార్గమేదీ చేతిలో లేదు. మబ్బుల పైన ఎగురుతుంటే మబ్బులోంచి క్షిపణి బయటికి వచ్చాకే కనబడుతుంది. అప్పటికి మిగిలేది కొన్ని సెకన్లు.

జవాబు నాలుగు నెలల్లో వచ్చింది. రెండు సీట్ల ఎఫ్-100ఎఫ్ సూపర్ సేబర్లలో ఏపీఆర్-25 అనే రిసీవర్ బిగించి, 1965 నవంబరులో థాయ్‌లాండ్‌లోని కోరాట్ స్థావరానికి పంపారు. క్షిపణి స్థావరాలను వెతికి కొట్టే ఈ దళానికి వైల్డ్ వీసెల్ అని పేరు. డిసెంబరు 20న ఒక విమానాన్ని పోగొట్టుకుని, 22న తొలి క్షిపణి స్థావరాన్ని ధ్వంసం చేశారు. ఏపీఆర్-25 మూలసూత్రం సిరేనాదే: స్ఫటిక డయోడ్, యాంప్లిఫయర్, హెడ్‌ఫోన్. కొత్తవి మూడు. ఒకటి, ఒకే తరంగదైర్ఘ్యానికి కాక చాలా విస్తారమైన పట్టీకి స్పందించే సర్పిలాకార యాంటెన్నాలు నాలుగు. రెండు, నాలుగింటికీ అందిన బలాలను పోల్చి దిక్కు తేల్చే సర్క్యూట్. మూడు, అరచేతిలో పట్టేంత గుండ్రని తెర. మధ్య నుంచి దిక్కు వైపు ఒక వెలుగు గీత పొడుచుకొస్తుంది. దీనికి తోడు ఏపీఆర్-26 అనే మరో చిన్న పెట్టె, క్షిపణికి ఆదేశాలు పంపే ప్రసారం ఒక్కసారిగా బలపడితే ప్రయోగం జరిగిందని దీపం వెలిగించేది.

ఆ గీత పొడవును పైలట్లు ప్రాణభయంతో చూసేవారు. తెర మీద ఒకదాని బయట ఒకటిగా మూడు వలయాలు ఉండేవి. గీత మూడో వలయాన్ని తాకితే పరిస్థితి తీవ్రం. కానీ పొడవు చెప్పేది సంకేతం బలాన్ని, దూరాన్ని కాదు. దూరాన ఉన్న పెద్ద రాడార్, దగ్గర ఉన్న చిన్న రాడార్ ఒకే పొడవు గీత గీయగలవు. దిక్కులోనూ పది పదిహేను డిగ్రీల తేడా ఉండొచ్చు. అందుకే ఇక్కడ కూడా చెవే పెద్ద దిక్కయింది. ఎస్-75 రాడార్ శబ్దాన్ని వియత్నాంలో ఎగిరిన అమెరికన్లు తమ దేశపు గిలకపాము చప్పుడుతో పోల్చేవారు. విమాన విధ్వంసక ఫిరంగుల రాడార్ వేరేలా వినబడేది. వెనక సీటులో కూర్చున్న ఎలక్ట్రానిక్ యుద్ధ అధికారి పని చాలావరకు ఈ చప్పుళ్లను విడదీసి వినడమే. 1966 నాటికి ఒంటరి పైలట్లు నడిపే ఎఫ్-105 లాంటి విమానాలకు కూడా ఈ సెట్లు వచ్చాయి. అక్కడ వెనక సీటు లేదు. బాంబు వేస్తూ, రేడియో వింటూ, నాలుగైదు రాడార్ల గిలకలు కలగలిసిన చప్పుడులో తన మీదికి గురిపెట్టినది ఏదో ఒక్కడే తేల్చుకోవాలి. మనిషి చెవిని ఆధారం చేసుకున్న పద్ధతి హద్దు అక్కడ కనబడింది.

ఆ హద్దు దాటడానికి 1970ల మొదటి సగంలో రిసీవర్లలోకి అంకెల కంప్యూటర్ ప్రవేశించింది. తరంగదైర్ఘ్యం, పల్సుల మధ్య వ్యవధి, పల్స్ నిడివి, కిరణం తిరిగే తీరు కొలిచి, ముందుగా నింపిపెట్టిన జాబితాతో పోల్చి, గీతకు బదులు తెర మీద ఒక గుర్తు చూపిస్తుంది: ఇది ఫలానా క్షిపణి రాడార్, ఇది ఫలానా ఫైటర్. ‘ఎవరు’ అన్న ప్రశ్నకు జవాబు చివరికి సెట్ లోపలికి వచ్చింది.

అయితే జాబితాలో లేనిదాన్ని, కొలవడం రానిదాన్ని కంప్యూటర్ కూడా గుర్తుపట్టలేదు. 1973 అక్టోబరు యుద్ధంలో ఇజ్రాయెల్ వాయుసేనకు ఇది అనుభవమైంది. ఈజిప్టు, సిరియా వాడిన కొత్త సోవియట్ క్షిపణి ‘కుబ్’, పశ్చిమ దేశాల భాషలో ఎస్‌ఏ-6, లక్ష్యాన్ని పల్సులతో కాక ఎడతెగని తరంగంతో వెలిగించేది. స్ఫటిక డయోడ్ మీద ఎడతెగని తరంగం పడితే వచ్చేది ఎగుడుదిగుడు లేని నికరమైన విద్యుత్తు. డయోడ్ వెనక ఉన్న యాంప్లిఫయర్ మార్పులను మాత్రమే పెంచుతుంది, నికరమైనదాన్ని అడ్డుకుంటుంది. కాబట్టి హెడ్‌ఫోన్లలో ఏమీ వినబడదు. వియత్నాంలో ఎస్-75ను పట్టిచ్చిన పద్ధతే ఇక్కడ మూగబోయింది. ఆ యుద్ధంలో ఇజ్రాయెల్ దాదాపు వంద విమానాలు పోగొట్టుకుంది. అవన్నీ కుబ్ దెబ్బకు పోయినవి కావు, ఫిరంగులూ ఇతర క్షిపణులూ తమ వంతు తీసుకున్నాయి. కానీ హెచ్చరిక సెట్ నిశ్శబ్దంగా ఉండగానే క్షిపణి వచ్చి తగలడం పైలట్లకు ఆ యుద్ధంలోనే కొత్తగా ఎదురైంది.

పరిష్కారం సర్క్యూట్ పరంగా పెద్ద కష్టమైనది కాదు. డయోడ్‌కు చేరేలోపే తరంగాన్ని కృత్రిమంగా ముక్కలు చేసి పల్సుల్లా మార్చవచ్చు, లేదా ఎడతెగని తరంగాల కోసం విడిగా మరింత సున్నితమైన రిసీవర్ పెట్టవచ్చు. రెండు పద్ధతులూ తర్వాతి సెట్లలోకి వచ్చాయి. కష్టమైనది వేరే ఉంది: అలాంటి తరంగం రాబోతోందని యుద్ధానికి ముందే తెలియడం. అందుకే ఈరోజు ఈ రంగంలో డబ్బు, శ్రమ పరికరాల మీద ఎంత పోతాయో, వాటిలో నింపే జాబితాల మీదా అంత పోతాయి. శాంతికాలంలో సరిహద్దుల పక్కన ఎగిరే నిఘా విమానాలు, నేల మీది కేంద్రాలు పొరుగుదేశం రాడార్ల పల్సులను ఏళ్ల తరబడి నమోదు చేస్తూ, ఒక్కో ఫైటర్‌లోని రిసీవర్‌కు కొత్త పేర్లు చేరుస్తూనే ఉంటాయి.